మంచీ చెడూ చెప్పుకునే చోటు: సంత నుంచి సెల్‌ఫోన్ దాకా

కొంచెం పెద్ద పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఈ మధ్య మన పిల్లల ఫోన్ గ్రూపుల్లో ఒక మాట తరచుగా వినపడుతోంది. "ఇక్కడ నోటిఫికేషన్లు, జీవోలు, హక్కుల సంగతులే పెట్టండి. సొంత గోల వద్దు" అని. సొంత గోల అంటే ఏంది? ఒకరికి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయినయ్. ఒకరి నాయినకు జ్వరం తగ్గట్లేదు, ఏ ఆస్పత్రికి తీసుకపోవాలని అడిగారు. ఇంకొకరు వానకు తడిసిన పత్తి ఫొటో పెట్టారు. ఒక చెల్లె హాస్టల్‌లో ఒక్కదాన్నే అయిపోయిన అని రాసింది. ఇంకో తమ్ముడికి కానిస్టేబుల్ సెలెక్షన్ వచ్చింది, పొద్దటి దాకా అందరూ కంగ్రాట్స్ చెప్పారు. సీనియర్లు గోల అంటున్నది ఇదే.

నా మాట వేరు. మన చరిత్రను సరిగ్గా చూస్తే, హక్కుల సంగతి ఎక్కడా ముందు పుట్టలేదు. ముందు సొంత గోలే పుట్టింది. ఒకడి కష్టం ఇంకొకడు విన్నాడు, "మా ఊళ్లో కూడా గిట్లనే ఉంది" అన్నాడు. ఆ తర్వాతే అది హక్కు అయింది, పోరాటం అయింది. కష్టసుఖాలు చెప్పుకునే చోట్లు మన సమాజంలో ఎట్లా ఏర్పడ్డయ్, ఎట్లా మారినయ్, ఎక్కడ దెబ్బతిన్నయ్ అనేది నాకు తెలిసినంతలో రాస్తున్న.

సంత

మొదటి చోటు సంత. బయటోళ్లు సంత అంటే కొనుడు, అమ్ముడు అనుకుంటరు. మనోళ్లు ఇప్పపువ్వు, తప్సి జిగురు, చింతపండు, కరక్కాయ, కొండచీపుర్లు మోసుకొచ్చి అమ్మి ఉప్పు, మిరపకాయలు, కిరోసిన్, బట్టలు కొనుక్కుపోయేవాళ్లు. వారానికి ఒక్క రోజు. అంత దూరం నడిచొచ్చేది ఉప్పు కోసమే అయితే ఇంటికి ఒక మనిషి వస్తే చాలు కదా! ఇంటిల్లిపాదీ ఎందుకు వస్తరు? పెళ్లయి ఇంకో ఊరికి పోయిన బిడ్డ సంతలోనే తల్లికి కనపడేది. ఏ ఊళ్లో ఎవరు పోయారు, ఎవరికి కాన్పు అయింది, ఏ పిల్లకు సంబంధం చూస్తున్నరు, ఏ గార్డు ఎవరి నాగలి గుంజుకపోయిండు, ఇవన్నీ అక్కడే తెలిసేవి. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో ఒనుకుడెల్లిలో గురువారం సంత ఉంది. బోండాలు కొండ దిగి అక్కడికి వస్తరు. ఇంద్రవెల్లిలో సోమవారం. వారం పేరు చెబితే సంత ఊరి పేరు చెప్పగలిగిన ముసలోళ్లు ఇప్పటికీ మన ఊళ్లల్లో ఉన్నరు.

ఈ ఏర్పాటులో ఒక గుణం గమనించండి. వారం తర్వాత మళ్లీ అదే చోట, అదే చెట్టు కింద అదే మనుషులు కలుస్తరు. పోయిన వారం "పిల్లకు ఒంట్లో బాగలేదు" అని చెప్పిన మనిషిని ఈ వారం "ఎట్లుంది?" అని అడగకుండా ఉండలేం. అడగకపోతే తప్పు. అట్లా చెప్పిన మాటకు కొనసాగింపు ఉండేది.

సంతలో మోసం కూడా ఉండేది. తూకంలో మోసం, అప్పులో మోసం. షావుకారు రాసిన లెక్క మనోళ్లు చదవలేకపోయేవాళ్లు. కానీ ఒక ఊరోడు "నాకు ఇట్ల రాసిండు" అని చెబితే ఇంకో ఊరోడు "నాకూ అంతే" అనేవాడు. అటవీ సరుకు న్యాయమైన ధరకు కొనాలని 1956లో విశాఖపట్నంలో గిరిజన సహకార సంస్థ పెట్టారు. సంతలో మనల్ని ఎట్లా దోచుకున్నరో అర్థం కావాలంటే, అట్లాంటి సంస్థ అవసరం ఎందుకు పడిందో ఆలోచించండి, చాలు.

మామిడి కొమ్మ

తొమ్మిదో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకంలో బస్తర్ పాఠం చదివిన వాళ్లకు గుర్తుంటది. మన గోదావరికి అవతలే బస్తర్. అక్కడి కోయలు, ఇక్కడి కోయలు చుట్టాలే. 1905లో అక్కడి అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేస్తామని బ్రిటిష్ ప్రభుత్వం ప్రతిపాదన పెట్టింది. పోడు బంద్, వేట బంద్, అటవీ సరుకు సేకరణ బంద్. దానికి ముందే 1899-1900లో కరువు, తర్వాత 1907-08లో ఇంకో కరువు. పైనుంచి శిస్తు, వెట్టి.

అప్పుడు జనం ఏం చేశారు? ముందు మాట్లాడుకున్నరు. ఊరి పంచాయతీల్లో, బజార్లలో, జాతరల్లో, నాలుగు ఊళ్ల పెద్దలూ పూజారులూ కలిసిన ప్రతి చోటా ఈ బాధలే చెప్పుకున్నరు. ఈ మాటకు ముందు నిలబడ్డది కాంగేర్ అడవిలోని ధుర్వాలు, ఎందుకంటే రిజర్వు దెబ్బ ముందు పడింది వాళ్ల మీదనే. నేతనార్ గ్రామం గుండాధూర్ పేరు అక్కడ ఇప్పటికీ గొప్ప పేరు. 1910లో ఊరి నుంచి ఊరికి మామిడి కొమ్మలు, మట్టి ముద్ద, మిరపకాయలు, బాణాలు తిరిగినయ్. అక్షరం లేదు, కాయితం లేదు. ఆ కొమ్మ అందుకున్న ఊరికి సంగతి తెలిసిపోయేది. ప్రతి ఊరూ ఖర్చుకు ఎంతో కొంత ఇచ్చింది. భూంకాల్ అని మనం చెప్పుకునేది దాన్నే.

తిరుగుబాటును అణచడానికి బ్రిటిష్ సైన్యానికి ఫిబ్రవరి నుంచి మే దాకా పట్టింది. గుండాధూర్ మాత్రం దొరకలేదు. రిజర్వు పని కొంతకాలం ఆగింది, అనుకున్న విస్తీర్ణాన్ని దాదాపు సగానికి తగ్గించారు.

ఇక్కడ మనం పట్టుకోవాల్సింది మామిడి కొమ్మను కాదు, దానికి ముందు జరిగిన మాటలను. కొన్నేళ్ల పాటు బజార్లల్లో చెప్పుకున్న సొంత గోల లేకపోతే ఆ కొమ్మకు అర్థమే ఉండేది కాదు. అది వట్టి కొమ్మ.

దండారి లెక్క

కష్టమే కాదు, సంబురం పంచుకోవడానికి కూడా మనకు ఏర్పాటు ఉంది. దీపావళి ముందు రోజుల్లో గోండు ఊళ్లల్లో దండారి మొదలవుతది. నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, చేతిలో కోలతో గుస్సాడీలు. టీవీలో చూపించేది ఆ ఆటనే. కానీ దండారిలో అసలు విషయం ప్రయాణం. ఒక ఊరి దండారి బృందం ఇంకో ఊరికి పోతది. ఆ ఊరోళ్లు ఎదురొచ్చి తీసుకపోయి, కాళ్లకు నీళ్లిచ్చి, రాత్రికి అన్నం పెట్టి ఉంచుకుంటరు. ఆటా పాటా అయినంక పెద్దలు కూర్చుంటరు. వానలు ఎట్లున్నయ్, పంట ఎట్లుంది, ఎవరింట్లో పెళ్లీడు పిల్లలున్నరు, ఏ తగువు తెగలేదు అన్నీ మాట్లాడుకుంటరు. తర్వాత ఆ ఊరోళ్లు ఈ ఊరికి రావాలి. రాకపోతే మాట పడుతది. కోలాబోడితో పండుగ ముగుస్తది.

మనలో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు ఉన్నయ్ కదా. ఒకే సగలో పెళ్లి కుదరదు. కాబట్టి బిడ్డ ఎప్పుడూ బయటి ఇంటికే పోతది. బయటి ఊరితో రాకపోకలు లేకపోతే ఆ బిడ్డ బాగోగులు ఎవరు చూడాలె? దండారి లాంటివి ఆ దారిని తెరిచి ఉంచినయ్. మర్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 అక్టోబర్‌లో, దండారి రోజుల దగ్గర్లోనే ఆయన పోయారు. ఆయన నేర్పింది అడుగులు మాత్రమే అనుకుంటే ఆయన్ను మనం సగమే గౌరవించినట్టు.

పాటలో దాచిన దుఃఖం

రాత లేని కాలంలో మన మంచీ చెడూ గుర్తుపెట్టుకున్నది ఎవరు? గోండులకు పర్ధాన్లు. కింగ్రి వాయిస్తూ వంశం కథ, దేవతల కథ, పోయినోళ్ల కథ పాడతారు. చావు కర్మల్లో వాళ్ల పాట ఉండాల్సిందే. తోటీలు కూడా ఇట్లాంటి పని చేశారు. కోయల్లో డోలి కళాకారులు ఇలవేల్పుల కథలు, సమ్మక్క సారలమ్మ కథ మోసుకొచ్చారు. సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది అందుకే. 2024లో ఆయన కూడా పోయారు.

ఈ పద్ధతిలో ఒక తెలివి ఉంది. ఇంట్లో మనిషి చచ్చిపోతే ఆ ఇంటోళ్లకు మాట రాదు. వాళ్ల తరఫున ఇంకొకరు పాడుతరు. నీ దుఃఖానికి మాటలు నువ్వే వెతుక్కోనక్కర లేదు. ఇవాళ మన పిల్లడు రాత్రి పన్నెండింటికి స్టేటస్‌లో ఒక సినిమా పాట ముక్క పెడతాడు. వాడూ చేస్తున్నది అదే: తన దగ్గర లేని మాటను ఇంకొకరి పాటలోంచి తెచ్చుకుంటున్నాడు. దాన్ని చూసి నవ్వకండి. తేడా ఒక్కటే. పర్ధాన్ ఇంటికొచ్చి పాడేవాడు, పాట అయినంక ఊరంతా ఆ ఇంటోళ్లతో కూర్చొని తినేది.

కేస్లాపూర్ దర్బార్

ఇప్పుడు అందరికీ తెలిసిన చోటుకు వద్దాం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాడు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వానికి ఒక సందేహం వచ్చింది: ఈ గోండులు ఎందుకు తిరగబడ్డరు? తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నది, చేతిలో జర్మన్ పాస్‌పోర్టు, అందుకని ఆయన్ను హైదరాబాద్ రాజ్యం దాటకుండా కట్టడి చేశారు. అట్లా మన దగ్గరికి వచ్చిన మనిషి, భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మర్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నాడు. ఇద్దరి సమాధులూ ఇప్పుడు అక్కడే ఉన్నయ్.

ఆయనకు ఒకటి అర్థమైంది. భూమి పోయినోడు, పట్టా లేనోడు, గార్డు చేతిలో దెబ్బలు తిన్నోడు తన బాధను ఆఫీసులో చెప్పుకోలేడు. ఆఫీసు ఎక్కడో ఉంది, భాష ఉర్దూ, మధ్యలో దళారి. కానీ ఏటా పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా దగ్గరికి జనం వాళ్లంతట వాళ్లే వస్తరు. మెస్రం వంశస్థులు గోదావరి దాకా కాలినడకన పోయి హస్తినమడుగు నుంచి గంగాజలం తెస్తరు, మర్రిచెట్ల కింద బస చేస్తరు. కొత్త కోడళ్లను దేవుడికి చూపించే భేటీ కూడా అప్పుడే. జనం ఆఫీసుకు రాకపోతే ఆఫీసే జాతరకు పోవాలి అనే ఆలోచనతో 1940ల్లో అక్కడ దర్బార్ మొదలుపెట్టారు. ఇప్పటికీ కలెక్టర్, ఐటీడీఏ పీవో, మంత్రులు వచ్చి కూర్చుంటరు. మనోళ్లు దరఖాస్తులు ఇస్తరు.

దర్బార్‌ను పొగడటం తేలిక. గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటి ఉంది. దర్బార్‌ను సర్కారు కనిపెట్టలేదు. మనోళ్లు ఎప్పటి నుంచో కలిసి మంచీ చెడూ చెప్పుకుంటున్న చోటుకు సర్కారు వచ్చి కుర్చీ వేసుకుంది. అంతే. ఆ కుర్చీ వల్ల కొంత మేలు జరిగింది. మాటను కాయితం మీద రాసుకునే మనిషి దొరికాడు. ఇంకో పని కూడా జరిగింది: 1943లో మర్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టి, గోండి వాచకాలు తయారుచేశారు. మన దరఖాస్తు మనమే రాసుకునే రోజు అక్కడ మొదలైంది. 1946లో హైదరాబాద్ గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది.

మరి ఏటా వందల దరఖాస్తులు ఇచ్చినంక వాటికి జవాబు ఎంతమందికి వచ్చింది? దర్బార్‌కు వచ్చే ముసలోళ్లను అడిగితే అదే దరఖాస్తును ఎన్నో ఏండ్లుగా ఇస్తున్నామని చెప్పేవాళ్లు దొరుకుతరు. వినడం ఒకటి, విని పని చేయడం ఒకటి.

ఇంద్రవెల్లి సోమవారం

1981 ఏప్రిల్ 20 సోమవారం. ఇంద్రవెల్లిలో సంత రోజు. గిరిజన రైతుకూలీ సంఘం భూముల పట్టాల కోసం, షావుకార్ల దోపిడీకి వ్యతిరేకంగా సభ పెట్టింది. సభకు అనుమతి లేదన్నరు. సభకే వచ్చినోళ్లు ఉన్నరు, సంతకు వచ్చినోళ్లు ఉన్నరు, రెండింటికీ తేడా తెలియకుండా వచ్చినోళ్లూ ఉన్నరు. ఎందుకంటే మనకు ఆ రెండూ ఎప్పుడూ వేరు కాదు. పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో 13 మంది. చనిపోయినోళ్లు అంతకంటే చాలా ఎక్కువని హక్కుల సంఘాలు, ఊళ్ల జనం అప్పటి నుంచి చెబుతూనే ఉన్నరు.

ఈ సంఘటన గురించి మనం ప్రతి ఏప్రిల్‌లో పోస్టులు పెడతం. ఈసారి ఒక్క కోణం కలపండి. ఆ రోజు తూటా తగిలింది మనుషులకే కాదు, ఒక చోటుకు కూడా. సంతలో నోరు విప్పి మాట్లాడాలంటే భయం మొదలైంది. ఆ తర్వాత ఏండ్ల తరబడి స్తూపం దగ్గర నివాళికి కూడా ఆంక్షలు, 144 సెక్షన్. చచ్చిపోయినోళ్ల కోసం అందరూ కలిసి ఏడ్వనివ్వలేదు. ఏడ్వనివ్వకపోవడం కూడా అణచివేతనే. దుఃఖం కలిసి చెప్పుకుంటే ఏమైతదో పాలకులకు మనకంటే బాగా తెలుసు.

హాస్టల్, పదిహేను పైసల కార్డు

ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు పెరిగినంక కొత్త ఒంటరితనం వచ్చింది. ఆరేడేళ్ల పిల్లడు ఊరొదిలి, భాష మారి, వారం వారం సంత లేకుండా, దండారి లేకుండా పెరగాలి. అమ్మకు మంచీ చెడూ చెప్పాలంటే పదిహేను పైసల పోస్టు కార్డు. ఆ కార్డు నడిచే దారి ఒకసారి ఊహించుకోండి. పిల్లడు గోండిలోనో కోయలోనో సవరలోనో బాధపడతాడు. తెలుగులో రాస్తాడు, ఎందుకంటే బళ్లో నేర్పింది అదే. "నేను ఇచ్చట క్షేమం, మీరు అచ్చట క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టాలి, అట్లనే రాయమని నేర్పిండ్రు. క్షేమంగా లేడు కాబట్టే రాస్తున్నాడు, కానీ మొదటి వాక్యమే క్షేమం! ఊళ్లో సారు గానీ పోస్టుమ్యాన్ గానీ చదివి అమ్మకు ఆమె భాషలో చెప్పాలి. అమ్మ జవాబు మళ్లీ ఇంకొకరి చేతి రాతలో రావాలి. ఆ మధ్యలో ఎంత ఆగిపోయిందో!

అప్పుడు ఆ పిల్లలను కాపాడింది పక్క పరుపు మీది పిల్లడు. మన తర్వాతి విద్యార్థి సంఘాలు, ఉద్యోగ సంఘాలు చాలావరకు హాస్టల్ స్నేహాల్లోంచి వచ్చినయే. ఒకే పళ్లెంలో తిన్నోళ్లు తర్వాత ఒకే కరపత్రం మీద సంతకం పెట్టిండ్రు.

మిస్డ్ కాల్

ఇగ ఫోన్ కాలం. 2010 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర అని ఒకటి మొదలైంది. జర్నలిస్టు శుభ్రాంశు చౌదరి నడిపారు. మామూలు బటన్ ఫోన్ చాలు. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే అటు నుంచి ఫోన్ వస్తది. ఒక బటన్ నొక్కితే నీ మాట రికార్డు అవుతది, ఇంకోటి నొక్కితే ఇతరుల మాట వినొచ్చు. హిందీ, గోండి, కుడుఖ్, ఇంకా ఎన్నో భాషలు. చదువు రాకపోయినా పర్వాలేదు. మన దేశంలో ప్రైవేటు రేడియోకు, కమ్యూనిటీ రేడియోకు సొంతంగా వార్తలు చెప్పే వీలు లేదు కాబట్టి, ఫోన్ మీద ఈ దారి వెతికారు.

జనం అందులో ఏం చెప్పారు? రేషన్ రాలేదని, ఉపాధి కూలీ పడలేదని, చేతిపంపు చెడిపోయిందని. ఇంకా పాటలు పాడారు, చాలా పాడారు. ఇక్కడ మనం నేర్చుకోవాల్సిన పద్ధతి ఉంది. రికార్డు చేసిన మాట వెంటనే బయటికి పోదు. ఒకరు విని, ఫోన్ చేసి, నిజమేనా అని చూసుకుంటరు. సమస్య చెప్పిన వాళ్లు చివర్లో సంబంధిత అధికారి ఫోన్ నంబర్ కూడా చెబుతరు. విన్నోళ్లు ఆ అధికారికి ఫోన్ చేస్తరు. పని అయితే అదే మనిషి మళ్లీ ఫోన్ చేసి "నా చేతిపంపు బాగైంది, అందరికీ ధన్యవాదాలు" అని చెబుతడు. సంతలో "ఎట్లుంది?" అని అడిగినట్టే, ఇక్కడా చెప్పిన మాటకు కొనసాగింపు ఉంది.

2013లో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. 2016లో జియో వచ్చి డేటా చవక అయింది. అప్పటి నుంచి ఊళ్లో అమ్మ కూడా, అక్షరం రాకున్నా, తన భాషలో తన గొంతుతో మాట పంపగలిగింది. "క్షేమమని తలుస్తాను" అనే అడ్డుగోడ కూలింది. ఎవరూ పండుగ చేయలేదు గానీ, నా లెక్కలో మన ఇంటింటి చరిత్రలో ఇది చిన్న సంగతి కాదు. లిపి సంగతి కూడా కదిలింది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఇప్పుడు ఆ అక్షరాలను ఫోన్ దాకా తేవడం మన చేతిలోనే ఉంది.

తూటా లేకుండానే

కొత్త చోటుకు కొత్త గాయాలు. సంతలో చెప్పిన మాట గాలిలో కలుస్తది, గ్రూపులో రాసిన మాట స్క్రీన్‌షాట్ అవుతది. ఒక చెల్లె తన బాధ రాసుకుంటే దాన్ని కాపీ చేసి ఇంకో గ్రూపులో వేసి నవ్వినోళ్లు ఉన్నరు. సంతలో మాట్లాడే మనిషి ముఖం కనపడేది, ఏ ఊరు, ఏ ఇంటిపేరు తెలిసేది. ఇక్కడ పేరు లేని ప్రొఫైల్ నుంచి వచ్చిన ఒక వీడియో రెండు గంటల్లో పది మండలాలు తిరుగుతది. నిజమో కాదో చూసేవాళ్లు లేరు. 2017 డిసెంబర్‌లో మన ఉమ్మడి ఆదిలాబాద్‌లో గొడవలప్పుడు, మళ్లీ 2024 సెప్టెంబర్‌లో జైనూరు ఘటన తర్వాత, ఇంటర్నెట్ బంద్ పెట్టారు. పుకార్లు ఆపడానికి అన్నరు. కానీ పుకారుతో పాటు "నేను బాగానే ఉన్న, భయపడకండి" అని హాస్టల్ పిల్ల అమ్మకు పంపాల్సిన మాట కూడా ఆగింది. చోటు మనదే అనుకుంటం, తాళం మాత్రం వేరేవాళ్ల చేతిలో ఉంది. అందుకే సంతను, దండారిని, జాతరను ఫోన్ కోసం వదిలేయొద్దు. నెట్ బంద్ అయిన రోజు మిగిలేవి అవే.

ఇంకో గాయం కనపడకుండా తగులుతది. కష్టం చెప్పిన పోస్టు కింద నలభై ఏడుపు బొమ్మలు పడతయ్. నలభై మంది విన్నట్టు అనిపిస్తది. నాలుగు రోజుల తర్వాత ఆ పిల్లకు ఒక్క ఫోన్ కూడా రాదు. అప్పుడు ఎవరూ లేరనే భావం ముందుకంటే ఎక్కువ అవుతది. దర్బార్‌లో జవాబు రాని దరఖాస్తుకూ, దీనికీ పెద్ద తేడా లేదు. సర్కారు చేసిన పనిని తప్పుపట్టే మనం అదే పని మన పిల్లలకు చేయొద్దు.

మరి ఏం చేద్దాం

పైన చెప్పిన చోట్లన్నిటిలో నాకు కనపడ్డవి నాలుగు.

సంత దగ్గర నేర్చుకోవాల్సింది: అడిగిన మనిషిని మళ్లీ వారం అడగాలె. ఎవరైనా కష్టం రాస్తే గ్రూపులో ఒక్కరు బాధ్యత తీసుకొని వారం తర్వాత "ఎట్లుంది అక్కా? ఎట్లుంది తమ్మీ?" అని అడగాలె. నలభై బొమ్మలకంటే ఈ ఒక్క మాట బరువు ఎక్కువ.

దండారి దగ్గర: రాకపోకలు రెండు వైపులా ఉండాలె. మన పోస్టుకు జనం రావాలంటే మనం కూడా వేరేవాళ్ల సంబురానికీ బాధకూ పోవాలె. నోటిఫికేషన్ కావాల్సినప్పుడే కనపడే అన్నలు ఇది ఆలోచించండి.

స్వర దగ్గర: వ్యవహారం, గొడవ, ఆరోపణ లాంటిది వస్తే పంపే ముందు ఒక ఫోన్ చేసి నిజం తెలుసుకోవాలె. పని అయితే ఆ సంగతి కూడా చెప్పాలె. కష్టం చెప్పి, తీరిన సంగతి చెప్పకపోతే, వినేవాళ్లకు నమ్మకం పోతది.

పర్ధాన్ల దగ్గర: దుఃఖంలో ఉన్నోళ్లను "ధైర్యంగా ఉండు" అని ఒక్క ముక్కతో వదిలేయొద్దు. వాళ్ల తరఫున మాట్లాడండి, వాళ్ల ఇంటికి పోగలిగితే పోండి. అందరి ముందు చెప్పలేని మాటలుంటయ్. ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలు ఎవరికైనా వస్తున్నాయని అనుమానం వస్తే ఆ పిల్లను, పిల్లడిని ఒంటరిగా వదలకుండా దగ్గర మనిషిని పంపండి. సర్కారు టెలీ మానస్ నంబర్ 14416 రాత్రింబవళ్లు పనిచేస్తది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. అడిగితే చిన్నతనం అనుకోవద్దు. మన ముత్తాతలు ఒంటరిగా బాధపడిన జాతి కాదు.

సొంత గోల వద్దు అనే సీనియర్లకు ఒక్క మాట. బస్తర్‌లో ఎవరో ఒకరు మొదట "నా పోడు పోయింది" అన్నప్పుడు, పక్కోడు "ఇది నీ సొంత గోల" అని ఉంటే భూంకాల్ లేదు. ఇంద్రవెల్లి సంతలో జనం తమ తమ పట్టాల గోల ఒకరికొకరు చెప్పుకోకపోతే ఆ సభ లేదు. ఇవాళ సబ్జెక్టు పోయిందని ఏడ్చిన పిల్లడి మాట వెనక పాఠం చెప్పే సారు లేని కాలేజీ ఉండొచ్చు. జ్వరం తగ్గని నాయిన వెనక మందులు లేని ఆస్పత్రి ఉండొచ్చు. విన్నప్పుడే తెలుస్తది.

మీ ఊరి సంత ఏ వారం? అక్కడ మీ అమ్మమ్మలు, బాపులు ఏం చెప్పుకునేవాళ్లు? ఇంట్లో పెద్దలను అడిగి, వీలైతే వాళ్ల గొంతులోనే, వాళ్ల భాషలోనే రికార్డు చేసి పెట్టుకోండి. ఆ గొంతులు మళ్లీ దొరకవు.

జోహార్.